నలుపు తెలుపుల్లో ఒక సింహద్వారం



వృత్తిరీత్యా నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఫోటోగ్రఫీ వారాంతపు వ్యసనం. ఆ వ్యసనం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు కాబట్టి, ఒకే ఒక గుమ్మం గురించి చెబుతాను.

న్యూయార్క్ వెళ్లిన మనవాళ్లు ఎంపైర్ స్టేట్ బిల్డింగు ఎక్కకుండా రారు. సిటీ హాల్ పార్కు దగ్గర, బ్రాడ్‌వే మీదున్న వూల్‌వర్త్ బిల్డింగు ముందు ఆగేవారు తక్కువ. 1913లో ప్రారంభమైంది. ఎత్తు 792 అడుగులు. 1930 వరకూ ప్రపంచంలో అంతకన్నా ఎత్తయిన భవనం లేదు. కట్టించిన ఫ్రాంక్ వూల్‌వర్త్ అయిదు సెంట్లకూ పది సెంట్లకూ సరుకులమ్మి కోట్లు గడించినవాడు. రూపకర్త కాస్ గిల్బర్ట్. లోపలి హాల్లో చిల్లర లెక్కపెట్టుకుంటున్న వూల్‌వర్త్ బొమ్మ కూడా చెక్కించారు!

ఆగినవారు శిఖరం వైపు చూస్తారు. మీరు వీధిగుమ్మం చూడండి. కమాను చుట్టూ గోతిక్ పద్ధతిలో సన్నని చెక్కడం. రంగుల్లో తీస్తే కన్ను ముందు పసుపుపచ్చ టాక్సీ మీదకు పోతుంది. రాయికి రంగు తక్కువ, నీడ ఎక్కువ. రంగు తీసేస్తే ఉలి పని బయటపడుతుంది. మాయాబజార్‌ని 1957లో మార్కస్ బార్‌ట్లే నలుపు తెలుపుల్లోనే చూపించారు. ఘటోత్కచుడి నగల పనితనం చూడటానికి మనలో ఎవరికైనా రంగు కావాల్సి వచ్చిందా?

ఇక కిటుకులు. ఆ గుమ్మం తూర్పువైపుకు ఉంది. పొద్దున ఎండ ఎదురుగా కొడితే చెక్కడం చదునుగా కనిపిస్తుంది. వెలుగు పక్కకు జరిగేదాకా ఆగండి. కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి వాలినట్టుంటాయి. రోడ్డుకు అటువైపు నిలబడి కెమెరాను నిటారుగా పట్టుకోండి. మీటరు దేన్నయినా బూడిదరంగే అనుకుంటుంది. లేతరంగు రాయికి ఒక స్టాపు ఎక్కువివ్వండి.

ఇదంతా ఎందుకంటారా? మా తాతగారి ఇంటి స్థలంలో ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి. ఆ ఇంటి సింహద్వారం మా నాన్నగారి పెళ్లినాటి నలుపు తెలుపు ఫోటోలో మాత్రమే మిగిలింది. గడపకు రాసిన పసుపు అందులో తెలియదు. ద్వారబంధం మీది చిలకల ముక్కులు మాత్రం లెక్కపెట్టవచ్చు. చెక్కిన వడ్రంగి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన చేతిపనికి ఆ ఫోటో ఒక్కటే సాక్ష్యం.

వూల్‌వర్త్ దుకాణాలు అమెరికాలో 1997లో మూతపడ్డాయి. గుమ్మం మాత్రం నిలిచే ఉంది. ఆ భవనాన్ని నగరం 1983లోనే చారిత్రక కట్టడంగా గుర్తించింది. మన ఊళ్లలో మామూలు ఇళ్ల గుమ్మాలకు ఆ అదృష్టం లేదు.

ఈసారి ఇండియా వెళ్లినప్పుడు పిల్లల్ని గుమ్మంలో నిలబెట్టి ఫోటో ఎలాగూ తీస్తారు. తర్వాత వాళ్లను కాస్త పక్కకు జరగమని, ఆ గుమ్మాన్ని కూడా ఒకటి తీయండి. ఎండ పక్కనుంచి పడే వేళ చూసుకుని మరీ తీయండి.