బూడిద తెగులు శిలీంధ్రాలు: వర్గీకరణ, లక్షణాలు

  ఈ సదస్సులో ఈ రోజు ఎరిసైఫేసీ కుటుంబం గురించి మాట్లాడతాను. రైతులు బూడిద తెగులు అనేది ఈ శిలీంధ్రాల వల్ల వచ్చేదే. మినుము, మామిడి, రేగు, ద్రాక్ష, మిరప, మల్బరీ ఆకులన్నిటి మీదా కనిపించేది తెల్లటి పొడే అయినా, దానికి కారణమైన జీవి మాత్రం ఒకటి కాదు. ఏ పైరు మీద ఏది ఉందో మన నేల మీద మళ్ళీ శ్రద్ధగా తేల్చాలన్నదే నా విన్నపం.

ముందుగా కుటుంబ లక్షణాలు. ఆస్కోమైకోటాకు చెందిన ఈ శిలీంధ్రాలు సజీవమైన మొక్క మీదే బతుకుతాయి. కృత్రిమ యానకం మీద పెరగవు. చాలా ప్రజాతుల్లో తంతువులు ఆకు పైనే పాకుతూ, బాహ్యచర్మ కణాల్లోకి చూషకాలను దించి ఆహారం పీల్చుకుంటాయి. అనేక ఇతర శిలీంధ్రాల బీజాలు మొలకెత్తాలంటే ఆకు తడిసి ఉండాలి. బూడిద తెగులు శిలీంధ్రాల కొనిడియాల్లో (అలైంగిక బీజాల్లో) నీరు ఎక్కువ కనుక అవి పొడి ఆకు మీదా మొలకెత్తుతాయి. అందుకే జోరువానల్లో కంటే పొడి చలికాలంలో, రబీ మినుములో, మామిడి పూతలో ఇవి విజృంభిస్తాయి. బార్లీని ఆశించే బ్లుమేరియా జన్యుక్రమం 2010లో వెలువడినప్పుడు, నైట్రేటును వాడుకునే జన్యువులు, థయమిన్ తయారుచేసే జన్యువులు దానిలో లోపించాయని తెలిసింది. అతిథేయి మీద అంతగా ఆధారపడిన బతుకు వీటిది.

ఇక వర్గీకరణ. 1851లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెవేయే రెండు ప్రమాణాలు నిర్ణయించాడు. గుండ్రటి ఫలనాంగంలో బీజాల సంచి అయిన ఆస్కస్‌ ఒక్కటే ఉందా, అనేకం ఉన్నాయా అన్నది మొదటిది. దాని ఉపాంగాల ఆకారం రెండవది: కొక్కెంలా వంగినవి అన్సినులా, కొసన జంటలుగా చీలుతూ పోయేవి మైక్రోస్ఫీరా, మొదట ఉబ్బి సూదిలా సాగినవి ఫిల్లాక్టీనియా. ఈ పద్ధతి దాదాపు నూట యాభై ఏళ్లు నిలిచింది. తకమత్సు, బ్రౌన్ మొదలైనవారి డీఎన్‌ఏ అధ్యయనాలు దాన్ని మార్చాయి. ఉపాంగాల రూపం వంశాన్ని కాక, అతిథేయి చెట్టా గుల్మమా అన్నదాన్ని బట్టి మారుతూ వచ్చిందని తేలింది. అన్సినులా, మైక్రోస్ఫీరాలు ఎరిసైఫిలోనూ, స్ఫీరోథీకా పోడోస్ఫీరాలోనూ కలిసిపోయాయి. వంశాన్ని నమ్మకంగా చెప్పేవి కొనిడియాలే. బ్రౌన్, కుక్‌ల 2012 నాటి గ్రంథం దాదాపు తొమ్మిది వందల జాతులను ఈ దృష్టితోనే వివరించింది.

ఈ మార్పు మనకు ఎంతో మేలు చేసింది. వెచ్చని మన వాతావరణంలో ఫలనాంగాలు అరుదు, కొనిడియాలు పుష్కలం. మినుము, పెసరల మీది శిలీంధ్రాన్ని దశాబ్దాలుగా ఎరిసైఫి పాలిగోని అని రాస్తూ వచ్చాం. ఇతర దేశాల్లో పెసర మీద పోడోస్ఫీరా జాంథి కూడా నమోదైంది. ఈ రెండింటినీ వేరుచేయడం కష్టమేమీ కాదు. తాజా ఆకును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఎరిసైఫిలో కొనిడియాలు ఒక్కొక్కటిగా పుడతాయి. పోడోస్ఫీరాలో గొలుసుగా పుట్టి, లోపల మెరిసే ఫైబ్రోసిన్ కణికలు చూపిస్తాయి. ఆకు ఎండితే ఆ కణికలు సరిగా కనబడవు.

పేరు తేల్చడం రైతుకూ అవసరమే. మిరపను ఆశించే లెవీల్యులా టారికా పత్రరంధ్రాల గుండా దూరి ఆకు లోపల పెరుగుతుంది. పైన పసుపు మచ్చలు, అడుగున తెల్లపొడి కనిపించేసరికి అది లోపల పాతుకుపోయి ఉంటుంది, ఆకు రాలుతుంది. పైపైన చల్లిన గంధకం ఆ లోపలి తంతువులకు అందదు. ఆకు పైనే పాకే జాతుల మీద అదే గంధకం చక్కగా పనిచేస్తుంది. తెల్లపొడి అంతా ఒకటేననుకుంటే రైతు డబ్బు వృథా అవుతుంది.

పరిశోధక మిత్రులారా, పైరు పేరు చూసి శిలీంధ్రం పేరు రాయవద్దు. తాజా నమూనాను పరీక్షించి, కొలతలు, బొమ్మలు నమోదు చేయండి. డీఎన్‌ఏ క్రమంతో సరిచూడండి. ఊరు, తేదీ, అతిథేయి వివరాలతో ఎండు నమూనాను హెర్బేరియంలో భద్రపరచండి. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో, పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థలో ఇందుకు వసతి ఉంది. గుంటూరు, ఖమ్మం మిరప చేలు, హిందూపురం మల్బరీ తోటలు, జగిత్యాల మామిడి తోటల నుంచి ఈ సేకరణ ఈ చలికాలంలోనే మొదలుపెడదాం. రెండు తెలుగు రాష్ట్రాల బూడిద తెగులు శిలీంధ్రాలకు నమ్మదగిన పట్టిక తయారుచేసే బాధ్యతను ఈ సదస్సు స్వీకరించాలని ప్రతిపాదిస్తూ సెలవు తీసుకుంటున్నాను.