పాత ఫైబర్‌గ్లాస్ బోట్: పగులు పైన, జబ్బు లోపల

ఈ రోజు టాపిక్ మన ఛానెల్‌కి కొంచెం కొత్త. అమెరికాలో ఉండే సబ్‌స్క్రైబర్ ఒకరు మెసేజ్ పెట్టారు. "అన్నా, 1980 మోడల్ జే-24 సెయిల్ బోట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో బాగా చవగ్గా వస్తోంది. డెక్ మీద సన్నటి పగుళ్ళున్నాయి. నడుస్తుంటే ఒకచోట మెత్తగా కిందికి దిగుతోంది. ఎపాక్సీ పూసేస్తే చాలని అమ్మేవాళ్ళు అంటున్నారు. కొనచ్చా?"

మెసేజ్ చిన్నదే. కానీ అందులో రెండు సమస్యలున్నాయి. పగులు ఒకటి, మెత్తదనం ఒకటి. చాలామంది పగులు చూసి భయపడతారు, మెత్తదనాన్ని పట్టించుకోరు. నిజానికి ఎక్కువ సార్లు భయపడాల్సింది రెండోదానికే. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఈ బోట్ లోపల ఏముందో తెలియాలి.

క్రీమ్ బిస్కెట్ తెలుసు కదా? పైన ఒక బిస్కెట్, కింద ఒక బిస్కెట్, మధ్యలో క్రీమ్. ఫైబర్‌గ్లాస్ బోట్ డెక్ కూడా దాదాపు అంతే. పైన రంగు, మెరుపు ఇచ్చే జెల్‌కోట్ ఉంటుంది, సుమారు అర మిల్లీమీటర్ మందం. దాని కింద గాజు నార, రెసిన్ కలిపి చేసిన గట్టి పొర. మధ్యలో తేలికైన కోర్. కింద మళ్ళీ ఒక గాజు నార పొర.

మధ్యలో ఆ కోర్ ఎందుకు? ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఒక పలక మందం రెట్టింపు చేస్తే అది వంగకుండా నిలబడే శక్తి 8 రెట్లు అవుతుంది. మొత్తం గాజు నారతోనే మందం పెంచితే బోట్ బరువెక్కిపోతుంది. అందుకే మధ్యలో బరువు లేనిది పెడతారు. పాత బోట్లలో అది ఎక్కువగా బాల్సా కర్ర. ఈక్వడార్ నుంచి వచ్చే చాలా తేలికైన కర్ర. చిన్న చిన్న ముక్కలుగా కోసి, పీచు నిలువుగా ఉండేలా పేరుస్తారు.

చాలా పాత బోట్లలో ఈ కోర్ డెక్‌లో మాత్రమే ఉంటుంది. నీళ్ళలో మునిగే అడుగు భాగం, అంటే హల్, పూర్తిగా గాజు నారే. కానీ జే-24 అలా కాదు. రాడ్ జాన్‌స్టన్ డిజైన్ చేసిన ఈ 24 అడుగుల బోట్ 1977లో వచ్చింది, 5000కి పైగా తయారయ్యాయి. దీని డెక్‌లోనూ బాల్సానే, హల్‌లోనూ బాల్సానే. కాబట్టి తమ్ముడూ, నువ్వు డెక్ ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకు.

అలాగని కోర్ ఉన్న బోట్ చెడ్డదని కాదు. మన నేవీ ఆరుగురు మహిళా ఆఫీసర్లు 2017 సెప్టెంబర్ నుంచి 2018 మే వరకు ప్రపంచం చుట్టొచ్చిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి కూడా కర్ర కోర్, ఫైబర్‌గ్లాస్ శాండ్‌విచ్‌తో గోవాలో కట్టిందే. ఆ టీమ్‌లో వైజాగ్ అమ్మాయి స్వాతి పాతర్లపల్లి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. కోర్ పొడిగా ఉన్నంతకాలం మహాసముద్రాలు దాటుతుంది. తడిస్తేనే కథ మారుతుంది.

మరి తడి ఎలా వస్తుంది? గాజు పొరలోంచి కాదు, కన్నాల్లోంచి. డెక్ మీద రెయిలింగ్ స్తంభాలు, తాళ్ళు కట్టే క్లీట్లు, తెరచాప ట్రాకులు, మాస్ట్‌ని పట్టి ఉంచే చెయిన్‌ప్లేట్లు... ఇవన్నీ డెక్‌కి కన్నం పెట్టి బిగించినవే. ప్రతి కన్నం చుట్టూ సీలెంట్ ఉంటుంది. ఆ సీలెంట్ 40 ఏళ్ళు బతకదు. ఎండిపోతుంది, విడిపోతుంది. వాన నీళ్ళు బొట్టు బొట్టుగా కోర్‌లోకి దిగుతాయి. పైన, కింద గాజు పొర ఉంది కాబట్టి బయటికి రావు. కర్ర కుళ్ళుతుంది, పొరలకీ కోర్‌కీ మధ్య అతుకు వదిలేస్తుంది. చలి ప్రాంతాల్లో ఇంకో దెబ్బ. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఒక్కో చలికాలం పొరల్ని ఇంకొంచెం విడదీస్తుంది.

అతుకు పోతే ఏమవుతుంది? ఇరవై విడి కాగితాలు పట్టుకుని వంచండి, సులువుగా వంగుతాయి. అవే కాగితాలు జిగురుతో అతికిస్తే అట్టలా నిలబడతాయి. డెక్ మెత్తగా దిగడం అంటే అట్ట మళ్ళీ విడి కాగితాలు అయిందన్నమాట.

ఇప్పుడు పగుళ్ళ సంగతి. అన్ని పగుళ్ళూ ఒకటి కాదు. సాలెగూడులా సన్నగా ఉన్నవి చాలాసార్లు జెల్‌కోట్ వరకే ఉంటాయి. పగులు వెంట కొంచెం గీకి చూడండి. కింద గాజు పొర శుభ్రంగా ఉంటే అది అందానికి సంబంధించిన సమస్య. పగులు గాజు నారలోకి కూడా దిగి ఉంటే బలానికి సంబంధించిన సమస్య.

పగులు ఆకారం కూడా కథ చెబుతుంది. ఒక చుక్క నుంచి నక్షత్రంలా చీలితే, అక్కడ ఏదో గట్టిగా తగిలింది. రెయిలింగ్ స్తంభం అడుగున గుండ్రంగా ఉంటే, ఆ స్తంభం మీద పదే పదే బరువు పడుతోంది. వరసగా గీతల్లా ఉంటే, ఆ పలక ఒక గట్టి అంచు మీద ముందుకీ వెనక్కీ వంగుతోంది. కీల్, అంటే అడుగున ఉండే బరువైన రెక్క, హల్‌కి కలిసేచోట ముందువైపు నవ్వులా పగులుంటే దాన్ని 'కేటలీనా స్మైల్' అంటారు. కేటలీనా 30 అనే మోడల్ వల్ల వచ్చిన పేరు. చూడ్డానికి నవ్వే గానీ, కీల్ బోల్టులు చెక్ చేయకుండా దాని మీద పుట్టీ పెట్టకూడదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేటప్పుడు మాకు ఒక రూల్ ఉండేది. ఎర్రర్ వస్తుంటే అలర్ట్ ఆఫ్ చేయడం ఫిక్స్ కాదు. పగులు కూడా అలర్టే. అది ఎందుకు వచ్చిందో తేల్చకుండా మూసేస్తే పక్కనే మళ్ళీ వస్తుంది.

సరే, తడి ఎక్కడిదాకా పాకిందో ఎలా తెలుసుకోవాలి? మన అమ్మమ్మలు కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసేవాళ్ళు కదా? ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే పగిలింది. ఇక్కడా అదే పద్ధతి. ప్లాస్టిక్ సుత్తితో అంగుళం అంగుళం తట్టండి. గట్టి శబ్దం వస్తే పర్లేదు, చచ్చిన శబ్దం వస్తే మాస్కింగ్ టేప్‌తో గుర్తు పెట్టండి. తర్వాత మాయిశ్చర్ మీటర్. కానీ దాని నంబర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. వెనక లోహం గానీ, నీళ్ళ ట్యాంక్ గానీ ఉంటే తప్పు చూపిస్తుంది. చివరి సాక్ష్యం డ్రిల్. ఓనర్ ఒప్పుకుంటే బోట్ లోపలి వైపు నుంచి, పై పొర తగలకుండా చిన్న కన్నం పెట్టండి. పొట్టు లేత రంగులో పొడిగా వస్తే కోర్ బాగుంది. నల్లగా, తడిగా, వాసనతో వస్తే పోయింది.

ఇక రిపేర్. చాలామంది షార్ట్‌కట్ ఏంటంటే, చిన్న కన్నాలు పెట్టి సిరంజితో ఎపాక్సీ ఎక్కించడం. తడి కర్రకి ఎపాక్సీ సరిగ్గా అంటుకోదు. పైగా నీళ్ళని లోపలే బంధించినట్టవుతుంది. మన ఇళ్ళల్లో చెమ్మ గోడకి పుట్టీ పెట్టి పెయింట్ వేస్తే ఏమవుతుందో తెలుసు కదా? వచ్చే వానాకాలానికి పొక్కులు.

అసలు పద్ధతి ఇది. ముందు నీళ్ళు వచ్చే కన్నం కనిపెట్టాలి. తర్వాత పై పొరని మాత్రమే కోసి పలకలా పైకి తీయాలి, కింది పొర తెగకూడదు. కుళ్ళిన కోర్‌ని ఉలితో గీకేయాలి, మంచి కోర్ కనిపించేదాకా వెళ్ళాలి. తర్వాత హీటర్, డీహ్యూమిడిఫయర్ పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. దీనికి రోజులు కాదు, వారాలు పట్టొచ్చు. అసిటోన్‌తో తుడిస్తే ఆరిపోదు.

ఆరాక కొత్త బాల్సాకి ముందు పల్చటి ఎపాక్సీ పట్టించి, కింద చిక్కటి ఎపాక్సీ పరిచి, గాలి చిక్కుకోకుండా నొక్కి బరువులు పెట్టాలి. తర్వాత పై పొరని తిరిగి అతికించాలి. కోసిన అంచుని అలాగే ఆనించి అతికిస్తే బలం రాదు. మందానికి 12 రెట్ల వెడల్పుతో ఏటవాలుగా అరగదీయాలి. పొర 3 మిల్లీమీటర్లుంటే ఒక్కో వైపు 36 మిల్లీమీటర్లు. ఆ ఏటవాలు మీద కొత్త గాజు నార వేయాలి.

ఎపాక్సీ కలిపేటప్పుడు ఒక విషయం. హార్డెనర్ కొంచెం ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందని అనుకోకండి. నిష్పత్తి తప్పితే సరిగ్గా గట్టిపడదు. డబ్బా మీద 5:1 అని ఉంటే 5:1 మాత్రమే. ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోనే వేడెక్కి పొగ వస్తుంది. గ్లోవ్స్, కళ్ళద్దాలు, మంచి రెస్పిరేటర్ తప్పనిసరి. గుడ్డ మాస్క్ ఈ గాజు పొడికి, రసాయనాల ఆవిరికి సరిపోదు.

చివరగా కన్నాలు. ఏ ఫిట్టింగ్ తిరిగి బిగించినా ముందు కన్నం పెద్దది చేయండి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపండి, గట్టిపడ్డాక మధ్యలో అసలు సైజు కన్నం పెట్టండి. అప్పుడు రేపు సీలెంట్ పోయినా నీళ్ళకి ఎదురయ్యేది ఎపాక్సీ గోడ, కర్ర కాదు. మొత్తం వీడియోలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి.

మరి కొనచ్చా? డెక్ మీద రెండు మూడు అడుగుల మెత్తదనం అయితే, ఓపిక ఉంటే మీరే చేసుకోగలరు. చెయిన్‌ప్లేట్ల దగ్గర, కీల్ చుట్టూ, లేదా హల్‌లో నీటి మట్టానికి కింద తడి ఉంటే అది వేరే లెవెల్. హల్ పై పొర కోసేముందు ఆధారాలు పెట్టకపోతే బోట్ ఆకారమే మారిపోతుంది. ఇంకోటి, మొదటి తరం జే-24ల్లో కీల్ పైన ఉండే గుంటలో వర్మిక్యులైట్ కలిపిన మిశ్రమం నింపారు, అది నీళ్ళు పీలుస్తుంది. అది ఇంకా ఉందా, తీసేశారా అని అడుగు. బోట్‌ని నీళ్ళలోంచి బయటికి తీయించి, మెరైన్ సర్వేయర్‌తో చూపించు. ఫీజు ఎక్కువ అనిపిస్తుంది. కానీ సముద్రంలో గాలి పెరిగినప్పుడు మాస్ట్‌ని పట్టుకునేది ఆ డెక్కే. నీతోపాటు ఎక్కేవాళ్ళు ఆ సంగతి అడగరు, నిన్ను నమ్మి ఎక్కుతారు. అమ్మేవాళ్ళు సర్వేకి ఒప్పుకోకపోతే అదే నీకు జవాబు.

ఇప్పటికే బోట్ ఉన్నవాళ్ళకి ఒక చిన్న పని. ఈసారి పెద్ద వాన పడ్డ వెంటనే లోపలికెళ్ళి, టార్చ్ వేసి, ప్రతి బోల్ట్ కింద వేలు పెట్టి చూడండి. ఎక్కడ తడి తగిలితే అక్కడ ఈ వారమే సీలెంట్ మార్చండి. ఈ రోజు అది ఒక గంట పని.