కోత మన ఒంటికి, నిర్ణయం ఎవరిది?

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్య హక్కులు అనగానే మనకు కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, గర్భసంచి తీసివేతలు గుర్తొస్తాయి. ఇవాళ నేను పిత్తాశయం గురించి మాట్లాడదలుచుకున్నాను. కాలేయం కింద ఉండే చిన్న సంచి ఇది. పైత్యరసాన్ని నిలవచేసి, మనం అన్నం తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. పిల్లల్ని కనే వయసులో ఇందులో రాళ్లు ఏర్పడటం మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈస్ట్రోజెన్ పైత్యరసంలో కొలెస్టరాల్‌ని పెంచుతుంది. గర్భంతో ఉన్నప్పుడు సంచి సరిగా ముడుచుకోదు. కాబట్టి ఇది కూడా మన సమస్యే.

మూడేళ్ల క్రితం వేరే కారణంతో తీయించుకున్న స్కానింగ్‌లో నాకు రాళ్లున్నాయని తెలిసింది. నొప్పి లేదు, ఏ బాధా లేదు. డాక్టరు రిపోర్టు చూసి, నా సహచరుడి వైపు తిరిగి, "ఈ వారంలోనే తీసేద్దాం, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అన్నాడు. ఇన్నేళ్ల చదువూ పరిశోధనా ఉన్న నేను ఆ గదిలో ఒక కడుపుగా మాత్రమే మిగిలాను. అదే మాట కూలికి పోయే స్త్రీ వింటే అప్పు చేయటం తప్ప ఆమెకు మిగిలే దారేది?

నొప్పి లేని రాళ్లున్న వందమందిలో ఏడాదికి ఒకరి నుంచి నలుగురి దాకా మాత్రమే బాధ మొదలవుతుంది. ఎక్కువమందికి జీవితమంతా ఏమీ కాదు. అందుకే అలాంటి వాళ్లకు మామూలుగా ఆపరేషన్ అవసరం లేదనే వైద్యశాస్త్రం చెబుతోంది. చాలా పెద్ద రాయి, సంచి గోడ గట్టిపడి సున్నం పట్టటం వంటివి వేరు. పిత్తాశయ క్యాన్సర్ గంగా మైదానంలో ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ. రాళ్లున్నవాళ్లలో అత్యధికులకు అది రాదు. ఇవన్నీ తెలుసుకుని నేను ఆగాను. ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలో కాగితం మీద రాసి పెట్టుకున్నాను: చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, గంటలు గడిచినా తగ్గని నొప్పి.

కిందటేడు రెండు నెలల్లో మూడుసార్లు కుడి డొక్క కింద నొప్పి వచ్చింది. దాంతో ప్రశ్న మారిపోయింది. ఒకసారి నొప్పి మొదలైతే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. రాయి జారి నాళానికి అడ్డుపడితే కామెర్లు రావచ్చు, క్లోమం వాచి ప్రాణం మీదికీ రావచ్చు. అయినా నొప్పి ఉన్న ప్రతివాళ్లకీ వెంటనే కోయాలని కూడా లేదు. బ్రిటన్‌లో 434 మందితో చేసిన సి-గాల్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. ఇతర ఇబ్బందులు లేని వాళ్లలో, ఆపరేషన్‌కి పంపినవాళ్లకూ వేచి చూసినవాళ్లకూ 18 నెలల్లో నొప్పి విషయంలో తేడా కనిపించలేదు. వేచి చూసినవాళ్లలో నాలుగో వంతు మంది ఈలోగా ఆపరేషన్ చేయించుకున్నారు.

అన్నీ ఆలోచించి నేను ఆపరేషన్‌కే ఒప్పుకున్నాను. నేను పని మీద తిరిగేది ఆస్పత్రికి దూరమైన ఊళ్లలో. అక్కడ అర్ధరాత్రి నొప్పి వస్తే దిక్కులేదు. అయితే రెండో డాక్టరు దగ్గరికి వెళ్లి, పైత్యనాళానికి దెబ్బ తగిలే ప్రమాదం ఎంతో అడిగాను. వెయ్యి మందిలో ముగ్గురు నుంచి అయిదుగురి దాకా అన్నారు. తక్కువే, కానీ తగిలిన మనిషికి చిన్నది కాదు. చిన్న రంధ్రాలతో కుదరకపోతే పెద్ద కోత పెట్టాల్సి వస్తుందా, ఖర్చెంత అని కూడా అడిగాను. ఇంట్లో అడిగిన ప్రశ్న ఇంకొకటుంది: ఆ రెండు వారాలూ వంటెవరు చేస్తారు?

మన దేశంలో ఈ చిన్న రంధ్రాల పద్ధతిని 1990లో బొంబాయిలో డాక్టర్ ఉద్వాడియా ప్రారంభించారు. అది మేలే. కానీ కోత తేలికైన కొద్దీ కోసే నిర్ణయమూ తేలికైపోకూడదు. గర్భసంచి విషయంలో ఏం జరిగిందో మనకు తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. "పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకు" అన్న మాటా, "అది లేకపోయినా బతకొచ్చు" అన్న మాటా ఒక్క తర్కం నుంచే పుట్టాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నిజంగా ఆపరేషన్ కావలసిన స్త్రీ ఏళ్ల తరబడి "గ్యాస్" అనుకుంటూ వాము నమిలి, అందరికీ వడ్డించి, నొప్పితో పడుకుంటుంది. అవసరం లేనిచోట కోయటం, అవసరమైనచోట పట్టించుకోకపోవటం రెండూ ఆమె మాటకు విలువ లేకపోవటం వల్లే.

ఆస్పత్రిలో ఒప్పంద పత్రాన్ని నా సహచరుడి ముందుకే తోశారు. నేను తీసుకుని, చదివి, సంతకం పెట్టాను. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు స్పష్టంగా ఉంది. మేజరైన, నిర్ణయం తీసుకోగల స్త్రీ తరఫున, ప్రాణాపాయం లేనప్పుడు, తల్లి ఇచ్చిన అంగీకారం కూడా చెల్లదు. చికిత్స ఏమిటో, వేరే దారులేమిటో, ప్రమాదాలేమిటో, చేయించుకోకపోతే ఏమవుతుందో ఆమెకు ముందే చెప్పాలి.

అందుకని మన సంఘాలు అడగాల్సినవి ఇవి. ఒప్పంద పత్రం తెలుగులో ఉండాలి. ముందురోజే చేతికివ్వాలి. రిపోర్టు రోగి దగ్గరే ఉండాలి. మరో డాక్టర్ని అడగటం అవమానం కాకూడదు. ఆస్పత్రికి తోడు వెళ్లే కార్యకర్త ఆమె బదులు మాట్లాడకుండా, ఆమె మాట్లాడేందుకు వీలు కల్పించాలి. చేయించుకుంటానన్నా, వద్దన్నా ఆ మాట ఆమె నోటి నుంచే రావాలి.