వంశవృక్షంలో కనిపించని తల్లులు: బలూచ్ తెగలు, భాషలు, స్త్రీలు

(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బలూచిస్థాన్ పేరు మనకు పేలుడు వార్తల్లోనో, భారత్-పాకిస్తాన్ తగాదాలోనో వినిపిస్తుంది. అక్కడి మనుషులెవరు, ఏ భాషలు మాట్లాడతారు, స్త్రీల స్థితి ఏమిటి అన్నవి మన చర్చల్లోకి రావు. జాతి, తెగ, సంప్రదాయం అనే మాటలు మనం తరచూ వాడతాం. వాటి లోపల ఏముందో పరీక్షించడానికి నేను బలూచ్ సమాజాన్ని ఎంచుకున్నాను.

బలూచ్ ప్రజలు ఒక్క దేశంలో లేరు. పాకిస్తాన్, ఇరాన్, అఫ్ఘానిస్తాన్, ఒమన్, ఇతర గల్ఫ్ దేశాల్లో విస్తరించి ఉన్నారు. కరాచీలోని ల్యారీ పేటలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. పాకిస్తాన్ భూభాగంలో దాదాపు 44 శాతం బలూచిస్థాన్ రాష్ట్రమే. 1952లో బుగ్తీ తెగ ఉండే సూయీలో సహజవాయువు బయటపడింది. అది 1955 నాటికే కరాచీ చేరింది. సొంత రాష్ట్ర రాజధాని క్వెట్టాకు మాత్రం 1980లలో గానీ రాలేదు. వాళ్ళ అసంతృప్తికి ఇటువంటి గట్టి కారణాలున్నాయి.

ఇక భాషలు. బలూచీ ఇరానియన్ కుటుంబానికి చెందినది. ఫార్సీకి, కుర్దిష్‌కు బంధువు. మర్రీ, బుగ్తీ తెగలు దాన్ని మాట్లాడతాయి. కానీ తమను బలూచ్‌లుగా చెప్పుకునే మెంగల్, రైసానీ తెగల భాష ప్రధానంగా బ్రాహుయీ. అది ద్రావిడ భాష! భద్రిరాజు కృష్ణమూర్తి గారు దాన్ని కుఁడుఖ్, మాల్తోలతో కలిపి ఉత్తర ద్రావిడంలో చేర్చారు. మన తేలు, మన పాలు కొద్ది మార్పుతో అక్కడా ఉన్నాయి. అంకెల్లో మూడు దాకానే సొంత మాటలు మిగిలాయి. నాలుగు నుంచి అరువు మాటలే. 2023 జనాభా లెక్కల ప్రకారం పాకిస్తాన్‌లో బలూచీ మాతృభాషగా గలవారు సుమారు 81 లక్షలు, బ్రాహుయీ వారు సుమారు 28 లక్షలు. ఇవిగాక ఖేత్రాన్, జద్‌గాల్ వారివి సింధీకి దగ్గరి భాషలు. దెహ్వార్లది ఫార్సీ మాండలికం. డేరా ఘాజీఖాన్ బలూచ్‌లలో చాలామంది సరాయికీ మాట్లాడతారు. మక్రాన్ తీరంలో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి ఉంది. అంటే బలూచ్ అనేది ఒకే రక్తమూ కాదు, ఒకే భాషా కాదు. చరిత్ర క్రమంలో కలిసి నిర్మించుకున్న అస్తిత్వం అది.

ఈ నిర్మాణంలో స్త్రీ ఎక్కడుంది? తెగ తండ్రి నుంచి వస్తుంది. వంశవృక్షంలో ఉండేవన్నీ మగవాళ్ళ పేర్లే. బలూచీ, బ్రాహుయీ తెగల మధ్య పెళ్ళిళ్ళు మామూలే, రెండు భాషలూ నడిచే ఇళ్ళు ఎన్నో. పుట్టింటి భాషను మెట్టినింటికి తెచ్చేదీ, పిల్లలకు మాటలు నేర్పేదీ స్త్రీ. ఇన్ని భాషలను ఒక్క జాతిలో కలిపి ఉంచే పని చేస్తున్న ఆమె పేరు మాత్రం ఆ జాతి లెక్కల్లో లేదు.

పైగా తెగ పరువు బరువంతా ఆమె మీదే పెట్టారు. సియాకారీ అంటే 'నల్లపని'. ఆ నింద పడిన స్త్రీకి చావే శిక్ష. 2008లో నసీరాబాద్ జిల్లా బాబాకోట్‌లో, ఇష్టమైన వాళ్ళను పెళ్ళాడాలనుకున్నందుకు యువతులను చంపి పూడ్చిపెట్టారు. సెనేట్‌లో ఒక మహిళా సభ్యురాలు ఆ విషయం లేవనెత్తితే, ఇస్రారుల్లా జెహ్రీ అనే బలూచ్ సభ్యుడు ఇవి శతాబ్దాల సంప్రదాయాలనీ, తాను సమర్థిస్తాననీ అన్నాడు.

ఏ శతాబ్దాల సంప్రదాయం? 1870లలో బ్రిటిష్ అధికారి సండేమన్ సర్దార్లకు భత్యాలిచ్చి, వాళ్ళ జిర్గాల తీర్పులకు ప్రభుత్వ బలం చేకూర్చాడు. తెగ పెద్దరికం పాతదే కావచ్చు. కానీ దాన్ని బిగించింది వలస పాలన. 1976లో సర్దారీ వ్యవస్థను చట్టం రద్దు చేసింది. అది కాగితం మీది రద్దుగానే మిగిలింది. రాజ్యానికి సర్దార్లతో అవసరం తీరలేదు.

ఈ మౌనాన్ని ఛేదించింది స్త్రీలే. 2013 అక్టోబరులో అదృశ్యమైనవారి బంధువులు క్వెట్టా నుంచి కరాచీ మీదుగా ఇస్లామాబాద్‌కు రెండు వేల కిలోమీటర్లకు పైగా నడిచారు. వారిలో తన సోదరుణ్ణి వెతుక్కుంటున్న ఫర్జానా మజీద్ ఉంది. 2023 నవంబరులో తుర్బత్‌లో నిర్బంధంలో ఉన్న బాలాచ్ మౌలాబక్ష్‌ను చంపి ఎన్‌కౌంటర్ అన్నారు. ఆ తర్వాత ఇస్లామాబాద్ దాకా సాగిన యాత్రకు డాక్టర్ మహరంగ్ బలూచ్ నాయకత్వం వహించింది. ఆమె తండ్రి అబ్దుల్ గఫార్ లాంగోవ్ 2009లో అపహరణకు గురై, 2011లో శవమై దొరికాడు. లాంగోవ్‌లది బ్రాహుయీ మాట్లాడే తెగ. ఆ యాత్రలో నీది ఏ తెగ, ఏ భాష అని ఎవరూ అడగలేదు. 2025 మార్చిలో ఆమెను అరెస్టు చేశారు. కొడుకుల శవాల కోసం పోలీసుల ముందు కూర్చున్న తల్లులను మన నేల మీదా చూశాం. ఆ దుఃఖాన్ని మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అలాగని జాతి పేరుతో జరిగే ప్రతిదాన్నీ మనం సమర్థించలేం. 2010 ఏప్రిల్‌లో బలూచిస్థాన్ విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు నజీమా తాలిబ్‌ను క్వెట్టాలో కాల్చి చంపారు. ఆ హత్య తమదేనని బలూచ్ సాయుధ సంస్థ ప్రకటించుకుంది. ఆమె కూడా స్త్రీయే, చదువు చెప్పే మనిషి.

బలూచ్ స్త్రీల బాధను చూపించి ఆ జాతినంతా అనాగరికమనేవారున్నారు. జాతి పోరాటం ముగిసేదాకా ఆ బాధను మాట్లాడవద్దనేవారూ ఉన్నారు. ఇద్దరూ ఆమె తరఫున తామే మాట్లాడుతున్నారు. మన పని ప్రాంతాల్లో ఎవరైనా "ఇది మా కట్టుబాటు" అన్నప్పుడు మనం అడగవలసినవి మూడున్నాయి. దీన్ని ఎవరు నిర్ణయించారు? దీనికి ఏ అధికారం అండగా ఉంది? నిర్ణయించిన రోజున ఆడవాళ్ళను అడిగారా?