మన వాడ సంగతి మనమే రాయాలె
(ఇంటర్ పాసైన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల ముందు జనగామలో చేసిన ప్రసంగం)



జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కు ఏ వాడకు పోయినా ఒకటే మాట వింటున్నం. "మా పిల్లకు బి.ఏ.ల సోషియాలజీ వచ్చింది, ఇగ దాని చదువు పోయినట్టే" అని. ఏ సీటూ రానోళ్లు చదివే చదువని పేరు పడ్డది.

అందులో ఏముంటది? కుటుంబం, కులం, పెండ్లి, కూలి, వలస. మన బతుకే పాఠం. 1916 మే 9న అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 25 ఏండ్ల అంబేద్కర్ ఒక పత్రం చదివిండు. కులం లోపలి పెండ్లి మీదనే కులం నిలబడ్డదని తేల్చి చెప్పిండు. మన అవ్వలకు ఇది కొత్త గాదు. సంబంధానికి పోతే ముందుగాల ఏమడుగుతరో వాళ్లకెరికే. ఎరికైన దాన్ని ఎవరూ కాదనలేకుండ రుజువులతో చెప్పడమే ఆ విద్య.

మేం డిగ్రీ చదివేటప్పుడు అంటరానితనం పాఠం వచ్చిన దినం సారు "ఇది పరీక్షల రాదు" అని పేజీలు తిప్పేసిండు. ముందు బెంచీలోళ్లు నవ్విండ్రు. ఆ పాఠాన్నే రాత్రి హాస్టల్ల కూసోని మేమే చదువుకున్నం.

1951-52లో ఎస్.సి. దూబే బృందం హైదరాబాద్ దగ్గరి షామీర్‌పేటను పరిశీలించింది. 1955లో అది ఇంగ్లీషు పుస్తకమై దేశాలు తిరిగింది. మాల మాదిగల సంగతీ అందులో ఉంది. మంచి పుస్తకమే, కాదనం. కాని మనోళ్లు అందులో జవాబు చెప్పినోళ్లు, ప్రశ్న రాసినోళ్లు కారు.

2024 నవంబర్‌లో కులాల సర్వే కాగితాలు పట్టుకొని మన ఇండ్లకు వచ్చిండ్రు గదా! ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. ఆ శాతం చేతుల భూమెంత? డిగ్రీ దాక పోయిన ఆడపిల్లలెందరు? పాలకుర్తి వాడల, మానుకోట తండాల, భూపాలపల్లి బొగ్గుబాయి కాడ ఇంటింటికి తిరిగి ఈ లెక్క తీసేటోళ్లు మనలో ఎందరున్నరు?

కొలువు సంగతి దాచం. ఒట్టి బి.ఏ.తోని కొలువు దొరుకుడు కష్టం. అయితే గ్రూప్-2 రెండో పేపర్ల సమాజం మీద ప్రశ్నలుంటయి. ఎం.ఏ., సోషల్ వర్క్ దారులున్నయి. కూలికి పోయే పిల్లలకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది.

దోస్త్‌ల ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి పోయి, ఆ సబ్జెక్టుకు లెక్చరర్ ఉన్నడా అని అడగండి. కొన్ని చోట్ల పేరుకే ఉంటది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసిపెట్టుకోండి. నెట్ సెంటర్ పిలగాడు నొక్కింది కాదు, మీ బిడ్డ అడిగింది పెట్టియ్యండి.