వేలు పియానో మీద, మాట తెలుగులో
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల మన పిల్లలకు బడిలో తమిళము, ఇంగ్లీషు. తెలుగు ఇంటి గడప దాటుట అరుదు. ఇప్పుడు ఇంటికి పియానో కూడా వచ్చిందే అని పెద్దలు కొందరు బెంగపడుతున్నారు. మాకు ఆ బెంగ లేదు.

అయిదేళ్ల బిడ్డకు మొదటే వేళ్ల కసరత్తు పెడితే వారానికే విసుగు. బొమ్మ చూపాలి. ఎడమవైపు మెట్లు బరువుగా నొక్కితే ఏనుగు నడక. కుడివైపు వేలికొసతో తడితే వానచినుకు. షడ్జమం నుంచి ఒక్కొక్క మెట్టే పైకి పోతే అది తిరుత్తణి కొండ ఎక్కుట. జర్మనీలో షూమన్ 1848లో తన పెద్దకూతురి పుట్టినరోజుకని మొదలుపెట్టి, పని ముగించి ఉల్లాసంగా ఇల్లు చేరే రైతును సైతం పియానోపై చిత్రించాడు.

మనకిది కొత్త కాదు. తిరుత్తణిలో స్వామి ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) నోట కలకండ పెట్టగా తొలికృతి వెలువడిందని ఐతిహ్యం. ఆ దీక్షితులవారే పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నోటుస్వరాలు రచించారు. ‘శ్యామలే మీనాక్షి’ బాణీ, ఇంగ్లీషు పిల్లలు చుక్కను చూచి పాడే పాట బాణీ ఒక్కటే. శంకరాభరణ స్వరాలు గనుక తెల్లమెట్లతోనే పలుకుతుంది, పసివేళ్లకు సులువు.

పరాయి బాణీకి ఆయన తన మాట తొడిగారు. మనము తెలుగు మాట తొడుగుదాము. ఏనుగును వాయించే బిడ్డ ‘ఏనుగు’ అనే పలకాలి, చినుకును ‘చినుకు’ అనే పలకాలి. వాద్యము ఏ దేశానిదైనా నోట తెలుగు నిలుస్తుంది. ఈ ఉగాదికి ప్రతి ఇంటా ఒక్క బొమ్మపాటైనా మొదలుపెట్టండని మా మనవి.