అపరాధ పరిశోధక నవల: ఆకర్షణ, ప్రయోజనము



పల్నాటి సీమకు హత్యాకథ క్రొత్తది కాదు. సంధి కొఱకు రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగముచే మరణించెనని వీరగాథ చెప్పుచున్నది. ఆ గాథను వినువారికి కుట్ర చేసినదెవరో ముందే తెలియును. తెలిసియు కన్నీరు కార్తురు. అపరాధ పరిశోధక నవల దీనికి తలక్రిందులు. హత్య మొదటనే జరుగును. హంతకుడెవరో చివరి వఱకు తెలియదు. చివరి పుట చిరిగిన నవల చేతికి వచ్చినపుడు చందాదారుడు పడు బాధ గ్రంథపాలకునకే యెఱుక!

1841లో అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో ఈ ప్రక్రియకు బీజము వేసెను. 1887లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్సును, 1920లో అగాథా క్రిస్టీ పొయిరోను లోకమునకు పరిచయము చేసిరి. తెలుగున తొలుత వంగభాషనుండి పాంచ్‌కడీ దే నవలలు అనువాదములై వచ్చినవి. పిమ్మట తెనాలిలో జన్మించిన కొమ్మూరి సాంబశివరావు (1926–1994) డిటెక్టివ్ యుగంధరును, అతని సహాయకుడు రాజును సృష్టించి వేలకొలది పాఠకులను అలరించెను. ఆరుద్రయంతటి కవియు ‘పలకల వెండిగ్లాసు’ వంటి పరిశోధక నవలను వ్రాసెను.

ఇట్టి పుస్తకములు గ్రంథాలయమున ఏల యని కొందఱు పెద్దలు శంకింతురు. ఆ శంక నిర్హేతుకము కాదు. చౌకబారు నవలలో నెత్తుటి వర్ణన తప్ప వివేచన యుండదు. మేలైన నవలకు మాత్రము ఒక ధర్మము కలదు: హంతకుని పట్టియిచ్చు ఆధారములన్నియు పాఠకుని కన్నులయెదుటనే యుండవలెను. ఆగిన గడియారము, వానలో తడియని చెప్పులు—చదువరి చూచియు గుర్తింపడు. గుట్టు తెలిసిన పిదప మరల చదివినచో, తాను ఎచ్చట పొరబడెనో కనుగొని మురియును. ఏండ్లు గడచినను ఆ నవలలు నిలుచుటకు ఇదియే కారణము.

అంతకు మించిన ప్రయోజనము వేఱొకటి యున్నది. పల్లెలో రాత్రి గడ్డివామి తగులబడినచో, తెల్లవారక మునుపే రచ్చబండపై దోషి పేరు నిశ్చయమగును. అది తఱచు పాతపగ గలవాని పేరే. వాడు నిర్దోషియని పిమ్మట తేలినను, పడిన నింద పూర్తిగా మాయదు. నిజముగ నిప్పు పెట్టినవాడు నిశ్చింతగ తిరుగును. మంచి పరిశోధక నవలలో అందఱును మొదట వ్రేలెత్తి చూపినవాడు తఱచు నిరపరాధి. అనుమానము సాక్ష్యము కాదను న్యాయసూత్రమును అది కథగా బోధించును.

అలరాజు మరణముతో సంధిమాట అడుగంటెను. కారెంపూడిలో నాగులేటి యొడ్డున బంధువులే పోరి నశించిరి. కక్షల చేదు ఎఱిగిన ఈ సీమలో, తీర్పు చెప్పుటకు ముందు చివరి పుట వఱకు ఓపిక పట్టుట నేర్పు పుస్తకమునకు గ్రంథాలయపు బీరువాలో చోటుండుట ఉచితమే.